పర్లాకిమిడి: సంస్థానమా, జమీందారీయా?

మా తాత ఇనుప పెట్టెలో శిస్తు రసీదుల కట్ట ఒకటి దొరికింది. అరచేతిలో ఇమిడే చిన్న కాగితాలు. అంచులు చెదలు తిన్నాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది. వాటిలో ఒకదాని మీద ఫసలీ 1345 అని రాసి ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. మద్రాసు లెక్కలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి ఆ రసీదు 1935 జూలైకీ 1936 జూన్‌కీ మధ్య కట్టిన శిస్తుది. సరిగ్గా ఆ ఫసలీ నడుస్తుండగానే, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి ఎస్టేటు నడిమధ్యన గీత పడింది. ఆ తర్వాతి రసీదు, ఫసలీ 1346ది, తీసి చూశాను. అదే తెలుగు రాత, అదే ఎస్టేటు పేరు. రాష్ట్రం మారినా శిస్తు పుచ్చుకునే చెయ్యి మారలేదు.

నేను ఉండేది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా, కచేరీలో ఒడియా. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ పెరిగే పిల్లలు ఏదో ఒక వయసులో పెద్దలను ఒక ప్రశ్న అడుగుతారు. మనది రాజుగారి సంస్థానం కదా, రాజుగారి రాజ్యాన్ని ఇంకొకరు వచ్చి ఎలా కోయగలిగారు? పెద్దలు ఇంగ్లీషువాళ్ల మీద, ఒడియావాళ్ల మీద, తెలుగు నాయకుల అలసత్వం మీద కోపం చూపించి ఊరుకుంటారు. ఆ కోపంలో కొంత న్యాయం ఉన్నా, అసలు జవాబు ప్రశ్నలోని ఒక మాటలోనే చిక్కుకుని ఉంది. ఆ మాట ‘సంస్థానం’.

తెలుగులో ఈ ఒక్క మాటతో మూడు వేర్వేరు వ్యవస్థలను పిలుస్తాం. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి సంస్థానాలు అంటాం. ఇవి బ్రిటిష్ ప్రభుత్వానికి పేష్కషు, అంటే ఏటా ఒక సొమ్ము, కట్టిన జమీందారీలు. గద్వాల, వనపర్తి సంస్థానాలు అంటాం. ఇవి నిజాం ఏలుబడిలో ఆయనకు కప్పం కట్టినవి. బనగానపల్లె సంస్థానం అంటాం. ఇది మాత్రం బ్రిటిష్ చక్రవర్తితో నేరుగా సంబంధం ఉన్న స్వదేశీ రాజ్యం. కోట, దర్బారు, దసరా ఊరేగింపు, ఆస్థాన కవులు మూడింటిలోనూ ఉండేవారు. పల్లకీ మోసే బోయీకి వాటి మధ్య తేడా తెలియదు. చట్టానికి తెలుసు.

పరిమాణం చూసి పోల్చుకుందామంటే మోసపోతాం. బనగానపల్లె విస్తీర్ణం 255 చదరపు మైళ్లు. అయినా అక్కడి నవాబుకు 9 తుపాకుల వందనం, అంటే బ్రిటిష్‌వాళ్లు స్వదేశీ రాజులకు ఇచ్చే మర్యాద, ఉండేది. మనకు పొరుగున ఉన్న జయపురం (జైపూరు) ఎస్టేటులో నేటి కొరాపుట్, నబరంగపుర్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాలు దాదాపుగా మొత్తం ఇమిడిపోతాయి. అంత అడవిని, అన్ని కొండలను ఏలిన జయపురం మహారాజుకు ఒక్క తుపాకీ వందనం కూడా లేదు. చట్టం దృష్టిలో ఆయన విశాఖపట్నం జిల్లాలో ఒక జమీందారు. మన పర్లాకిమిడి రాజు గంజాం జిల్లాలో ఇంకొక జమీందారు. అంతకు మించి ఏమీ కాదు.

ఇలా ఎందుకయింది?

కిమిడి గజపతులు తమను తూర్పు గాంగుల వంశంగా చెప్పుకునేవారు. శ్రీముఖలింగం, మహేంద్రగిరి ఆలయాల నీడలో ఉన్న కుటుంబం కాబట్టి ఆ మాటకు ఈ ప్రాంతంలో బరువు ఉండేది. పెద్దకిమిడి, చిన్నకిమిడి, పర్లాకిమిడి అని మూడు శాఖలు. ఈ మూడింటిలో పర్లాకిమిడిది మైదానం ఎక్కువగా ఉన్న జమీ, వంశధార పరీవాహకంలోని వరిపొలాలు దాని ఆస్తి.

ఈ నేల ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన దారిలోనే దీని తలరాత రాసి ఉంది. ఉత్తర సర్కారులను 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1758లో చందుర్తి యుద్ధంలో, 1759లో మచిలీపట్నం ముట్టడిలో ఇంగ్లీషువాళ్లు గెలిచి వారిని తరిమేశారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఫర్మానా తెచ్చుకున్నారు, 1766లో నిజాముతో ఒడంబడిక చేసుకున్నారు. ఈ వరసలో కిమిడి రాజుతో గానీ, జయపురం రాజుతో గానీ ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. కాగితం మీద సర్కారులు మొగలు రాజ్యంలోని రెవెన్యూ జిల్లాలు. అక్కడి రాజులు శిస్తు వసూలుచేసి పైకి పంపే జమీందార్లు. కంపెనీ ఆ కాగితాన్ని అక్షరాలా పట్టుకుంది.

పర్లాకిమిడి నారాయణదేవ్ ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. 1768లో కంపెనీ తరఫున ఎడ్వర్డ్ కాట్స్‌ఫోర్డ్ గంజాం రెసిడెంటుగా దిగాడు. అదే ఏడు కర్నల్ పీచ్ సేనతో జలుమూరు దగ్గర నారాయణదేవ్ తలపడి ఓడిపోయాడు. ఈ రోజు శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చే బస్సులో జలుమూరు పేరు వినిపిస్తే ఎవరూ తలెత్తి చూడరు. బొబ్బిలి యుద్ధానికి బుర్రకథ ఉంది. పద్మనాభ యుద్ధానికి తెలుగునాట గుర్తింపు ఉంది. జలుమూరుకు అలాంటిది దక్కలేదు. ఈ లోటు నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

ఇప్పుడు పక్కనున్న కలహండినో, ఇంకొంచెం ఉత్తరాన గడజాతులనే ఒరిస్సా కొండ రాజ్యాలనో చూడండి. ఒరిస్సా కోస్తా 1803లో మరాఠాల నుంచి కంపెనీకి వచ్చింది. అక్కడి కొండ రాజులతో కంపెనీ విడివిడిగా ఒడంబడికలు రాయించుకుంది. 1805 నాటి రెగ్యులేషన్లలో ఆ రాజ్యాలను మామూలు చట్టాల పరిధి నుంచి మినహాయించింది. ఆ చిన్న మినహాయింపు వందేళ్లలో గట్టిపడి వాటిని స్వదేశీ రాజ్యాలుగా నిలబెట్టింది. కలహండి నాగపూరు భోంసలేల కింది నుంచి వచ్చి అదే వరసలో చేరింది. ఒకే రకం కొండలు, ఒకే రకం రాజవంశాలు, ఒకే రకం కోటలు. కానీ ఒకటి మరాఠా దారిన వచ్చింది, ఒకటి నిజాం దారిన వచ్చింది. తేడా అంతా ఆ దారిలోనే ఉంది. వంశ గౌరవానికీ, రాజు పరాక్రమానికీ దీనితో ఏ సంబంధమూ లేదని నా అభిప్రాయం.

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత పరిష్కారం చేసింది. జమీందారుకు సనదు, అంటే హక్కు పత్రం, ఇచ్చి, ఏటా కట్టవలసిన పేష్కషును శాశ్వతంగా ఖాయం చేసింది. చూడటానికి ఇది జమీందారుకు వరంలా ఉంటుంది. కానీ సనదు ఇచ్చిన చేతితోనే కంపెనీ ఏమేం తీసుకుందో చూడాలి. సొంత సైన్యం పోయింది. దారి సుంకాలు పోయాయి. ఉప్పు ప్రభుత్వానిది అయింది. నౌపడ ఉప్పుకొఠార్ల మీద రాజుకు హక్కు లేదు. సారా మీద పన్ను పోయింది. నేరాలు విచారించి శిక్షించే అధికారం పోయింది. కిస్తీ తప్పితే ఎస్టేటునే వేలం వేసే హక్కు ప్రభుత్వానికి వచ్చింది. రాజుకు మిగిలింది నేల మీద శిస్తు, దానితో పాటు వచ్చే మర్యాద.

కొండలు వేరు, మైదానం వేరు

ఈ మార్పు నెమ్మదిగా, మెత్తగా జరిగిందని అనుకుంటే పొరపాటు. 1830 ప్రాంతంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ అంచులన్నీ రగిలాయి. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా, సైన్యం తోడిచ్చి, పంపింది. ఆయన పనికి ఫలితంగా 1833లో పాలకొండ జమీ జప్తయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు దాన్ని అర్బత్‌నాట్ అనే ఇంగ్లీషు కంపెనీ కౌలుకు తీసుకుంది. గుంసూరు జమీ కూడా 1835-36లో పోయింది. పర్లాకిమిడి మాత్రం నిలిచింది. తర్వాత దశాబ్దాల పాటు దాని పెత్తనం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసింది. అంటే కోటలో రాజు ఉన్నా, లెక్కలు చూసింది కలెక్టరు కచేరీ.

రస్సెల్ సిఫారసుల నుంచే 1839 నాటి 24వ చట్టం పుట్టింది. కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి, అక్కడ అన్ని అధికారాలూ ఆయన చేతికి ఇచ్చింది. మనం ఇప్పటికీ మన్యాన్ని ‘ఏజెన్సీ’ అని పిలవడానికి మూలం ఇదే. దాంతో ఒకే రాజు కింద రెండు చట్టాలు నడిచాయి. మైదానంలో రైతు మునసబు కోర్టుకు పోవచ్చు. పైన ‘మాలియా’ అనే కొండల్లో ఉండే సవర గిరిజనులకు ఏజెంటే కోర్టు. వారికీ రాజుకూ మధ్య బిస్సోయిలనే కొండ దొరలు ఉండేవారు. కనుమలు కాయడం వారి పని, అందుకు ప్రతిగా నామమాత్రపు కట్టుబడితో భూములు అనుభవించేవారు.

1839లో మొదలైన ఆ వేరు నేటికీ తెగలేదు. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మా, రాయగడ బ్లాకులు ఐదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే రాజ్యాంగం గిరిజనుల కోసం వేరుగా చూసే నేల. పర్లాకిమిడి పట్నం కాదు. పట్నం నుంచి కొండ ఎక్కే దారిలో ఏ బోర్డూ లేని చోట ఒక చట్టం ముగిసి ఇంకో చట్టం మొదలవుతుంది.

ఈ సవరల గురించి చెప్పుకుంటే గిడుగు రామమూర్తి గారిని చెప్పుకోకుండా ముందుకు పోలేను. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. చరిత్ర పాఠం చెబుతూ ముఖలింగం శాసనాలు చదివారు. ముఖలింగమే గాంగుల కళింగనగరం అని వాదించి చూపించారు. సంతకు దిగివచ్చే సవరల మాట విని, అది ఏ వ్యాకరణంలోనూ లేని భాష అని గ్రహించి, నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యవహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటమంతా తెలుగువాళ్లకు తెలుసు. ఆ పోరాటం పుట్టింది ఒక జమీందారు నడిపిన బడిలో, ఒడియా, తెలుగు, సవర మూడూ వినిపించే ఈ ఊళ్లో అన్నది చాలామందికి తట్టదు. నోటి మాటకు విలువ ఇవ్వాలని ఆయనకు పుస్తకం కంటే ముందు ఈ సంత నేర్పిందని నేను నమ్ముతాను.

రైతు లండను దాకా వెళ్లగలిగాడు

సంస్థానానికీ జమీందారీకీ తేడా రైతు బతుకులో ఎక్కడ తగులుతుందో చెప్పడానికి గారబంధ కేసు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దేశంలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు పర్లాకిమిడి పేరు తెలిసింది ఈ కేసు వల్లనే.

1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చింది. జమీందారు ఇష్టం వచ్చినట్టు శిస్తు పెంచడానికి వీల్లేదు; ప్రభుత్వ అధికారి విచారించి ఖాయం చేయాలి, దాని మీద రెవెన్యూ బోర్డు దాకా అప్పీలు ఉంటుంది. పర్లాకిమిడి జమీందారు తన ఎస్టేటులోని గారబంధ, ఇంకా కొన్ని గ్రామాల్లో శిస్తు నిర్ణయానికి దరఖాస్తు చేశారు. పెంపు మీద రైతులు పోరాడారు. మద్రాసులోని రెవెన్యూ బోర్డు తీర్పు రైతులకు వ్యతిరేకంగా వచ్చింది. వాళ్లు ఆ ఉత్తర్వును రద్దు చేయమని మద్రాసు హైకోర్టులో రిట్ అడిగారు. అక్కడా దక్కలేదు. అప్పట్లో ఆఖరి అప్పీలు వినే లండనులోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లారు.

1943లో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన తీర్పులో పెంపు న్యాయమా అన్యాయమా అన్న మాట పక్కకు పోయింది. అసలు మద్రాసు హైకోర్టుకు ఈ రిట్ ఇచ్చే అధికారమే లేదని అది తేల్చింది. ఆ అధికారం కంపెనీ కాలంలో మద్రాసులో ఉన్న పాత సుప్రీంకోర్టు నుంచి మద్రాసు నగరం హద్దులకే సంక్రమించిందట. రెవెన్యూ బోర్డు కచేరీ నగరంలో ఉన్నా, భూమి గంజాంలో ఉంది, రైతులు గంజాంలో ఉన్నారు, జమీందారు గంజాంలో ఉన్నాడు. కాబట్టి కుదరదు. 1950లో రాజ్యాంగం 226వ అధికరణంతో హైకోర్టులకు రాష్ట్రమంతటా రిట్ అధికారం ఇచ్చి ఈ గోడను కూల్చింది. గారబంధ రైతులకు ఆ కూల్చివేత ఆలస్యమైంది.

ఓడిపోయిన కేసును ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఓటమి వెనుక ఒక హక్కు కూడా కనబడుతోంది. జమీందారు చట్టానికి లోబడినవాడు కాబట్టే గారబంధ రైతు ఆయన పేరును ప్రతివాదిగా రాయించి లండను దాకా లాగగలిగాడు. కలహండిలోనో బస్తరులోనో రాజు శిస్తు పెంచితే ఏ బ్రిటిష్ ఇండియా కోర్టూ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకునేది కాదు. మొర వినాలంటే ఆ రాజ్యాల మీద బ్రిటిష్ ప్రతినిధి అయిన పొలిటికల్ ఏజెంటు దయ ఉండాలి. మన తాతలకు రాజు ‘చిన్న’వాడు కావడం వల్ల కోర్టు గడప దొరికింది.

ఆ గడప కూడా 1936లో జరిగిపోయింది. కొత్త ఒరిస్సాకు సొంత హైకోర్టు లేదు. పర్లాకిమిడి వ్యాజ్యాలకు మద్రాసు బదులు పాట్నా దిక్కయింది. కటక్‌లో హైకోర్టు వచ్చేదాకా, అంటే 1948 జూలై 26 దాకా, అదే పరిస్థితి.

ఏప్రిల్ 1

పర్లాకిమిడి చరిత్రలో ఏప్రిల్ 1 మూడుసార్లు వస్తుంది.

మొదటిది 1900. నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు ఆ రోజున మొదలైంది. మద్రాసు-కలకత్తా పెద్దలైను నౌపడ మీదుగా పోతోంది. పట్నం దానికి దాదాపు 40 కిలోమీటర్లు లోపల ఉంది. అప్పటి రాజు గౌరచంద్ర గజపతి తన సొమ్ముతో రెండున్నర అడుగుల సన్న పట్టాలు వేయించారు. టెక్కలి, పెద్దసాన, తెంబూరు, గంగువాడ, పాతపట్నం, పర్లాకిమిడి. ఆ రైలులో వెళ్లినవాళ్లు ఇప్పటికీ స్టేషన్ల పేర్లు వరసగా పాటలా చెబుతారు. 1931కి అది గుణుపురం చేరింది, అంటే జయపురం ఎస్టేటులోకి వెళ్లింది. పర్లాకిమిడి కొమ్ము దువ్వెనలు, కొమ్ము బొమ్మలు అమ్మకానికి బయటకు పోయిందీ, నౌపడ ఉప్పు లోపలికి వచ్చిందీ ఈ బండి మీదే. 2004 జూన్‌లో సన్న పట్టాల బండి ఆగింది. 2011లో పెద్ద పట్టాలు వచ్చాయి.

రెండోది 1936. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నింటినీ ఒకచోట చేర్చాలన్న కోరిక 1903లో ఉత్కళ సమ్మిళని పుట్టినప్పటి నుంచి ఉంది. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి ఆ కోరికకు పెద్ద అండ. 1930-31 రౌండ్‌టేబుల్ సమావేశంలో లండనులో దాని గురించి మాట్లాడారు. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దు కమిటీ వేశారు. దానికి ఒడియాల తరఫున కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు, బీహారు తరఫున సచ్చిదానంద సిన్హా అనుబంధ సభ్యులు. బరంపురం తెలుగువారైన ఏ.పి. పాత్రో కూడా రౌండ్‌టేబుల్‌కు వెళ్లినవారే. మాట్లాడేవాళ్లు ఇరువైపులా ఉన్నారు. ఇరువైపులా జనాభా లెక్కలు చేతపట్టుకున్నారు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడే కుటుంబాలు ఉన్న ఊళ్లో ఆ లెక్కలకు ఎంత విలువ ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు తెలుసు.

బ్రిటిష్ ప్రభుత్వం 1933లో వెలువరించిన శ్వేతపత్రంలో పర్లాకిమిడికీ, జయపురానికీ ఒరిస్సాలో చోటు లేదు. రాజు మళ్లీ లండను వెళ్లారు. 1934లో బ్రిటిష్ సంయుక్త పార్లమెంటరీ కమిటీ తన నివేదికలో లెక్క మార్చింది. జయపురం ఎస్టేటు, పర్లాకిమిడి, జలంత్ర మాలియాలు, పర్లాకిమిడి ఎస్టేటులో పట్నంతో కూడిన ఒక చిన్న భాగం ఒరిస్సాకు ఇవ్వమంది. అలాగే జరిగింది.

‘చిన్న భాగం’ అన్న మాటను నిలబడి చదవాలి. కోట, కచేరీ, బడి ఒరిస్సాకు వచ్చాయి. మైదానపు ఎస్టేటులో ఎక్కువ పాలు మద్రాసులో ఉండిపోయింది. కిమిడి గజపతులు కొలిచిన నీలమణి దుర్గమ్మ పాతపట్నంలో, అంటే మద్రాసులో. తమ వంశ మూలంగా చెప్పుకున్న గాంగుల శ్రీముఖలింగం మద్రాసులో. సొంత డబ్బుతో వేయించిన రైలుదారిలో నౌపడ నుంచి పాతపట్నం దాకా మద్రాసులో. ఒకే తండ్రి బిడ్డల మధ్య కూడా పంచడానికి వీల్లేదని మద్రాసు ప్రభుత్వం 1904లో పెద్ద జమీలకు ప్రత్యేకంగా అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసింది. కొడుకులు కోయలేని ఆస్తి మీదుగా ప్రభుత్వం రాష్ట్రాల గీత గీయగలిగింది. ఒడంబడిక ఉన్న స్వదేశీ రాజ్యమైతే ఇది సాధ్యపడేది కాదు. బనగానపల్లెను కోయాలంటే నవాబు సమ్మతి కావాలి, వైస్రాయి కదలాలి. జమీందారీని కోయడానికి ఒక ఉత్తర్వు చాలు. జిల్లాను ఎలా విడగొడతారో జమీని అలా విడగొట్టారు.

ఇందులో రాజుగారిని నిందించేవాళ్లు మా తెలుగు ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. నేను ఆ మాటతో ఏకీభవించను. ఆయన తన భాషవాళ్ల పక్షాన నిలబడ్డారు, అందుకోసం తన ఆస్తి రెండు రాష్ట్రాల పాలయ్యే పరిస్థితిని భరించారు. నాకు బాధ కలిగించేది వేరు. ఆ గీత ఎటు పడాలో ఇక్కడి తెలుగు రైతును గానీ, ఒడియా రైతును గానీ, కొండమీది సవరను గానీ ఓటు అడిగి తెలుసుకోలేదు. గిడుగు వారు అర్ధశతాబ్దం పైగా పని చేసిన ఊరును 1936లో విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఒక మనిషి తన 73వ ఏట ఇల్లు మార్చుకోవలసి వచ్చింది అంటే ఆ గీత కాగితం మీద మాత్రమే పడలేదు.

మూడో ఏప్రిల్ 1, 1937ది. కొత్త ఒరిస్సా శాసనసభలో 60 స్థానాలు. కాంగ్రెసు 36 గెలిచినా మొదట పదవులు వద్దంది. ఆ రోజున కృష్ణచంద్ర గజపతి రాష్ట్ర ప్రధాని (నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు, జూలైలో కాంగ్రెసు సిద్ధపడగానే దిగిపోయారు. బిశ్వనాథ దాస్ వచ్చారు. 1941 చివరి నుంచి 1944 దాకా గజపతి మళ్లీ ఆ పదవిలో ఉన్నారు. సంస్థానాధీశులకు ఢిల్లీలో నరేంద్రమండలి ఉండేది, అది వారి వేదిక. జమీందారు మాత్రం బ్రిటిష్ ఇండియా పౌరుల్లో ఒకడు. ఎన్నికల్లో నిలబడవచ్చు, మంత్రివర్గం కట్టవచ్చు, ఓడిపోవచ్చు కూడా. పొరుగున బొబ్బిలి రాజా 1932 నుంచి మద్రాసు ప్రధాని. 1937 ఎన్నికల్లో ఆయన్ను బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఓడించారు. ఎస్టేటును కోయడానికి వీలిచ్చిన జమీందారీ హోదాయే దాని యజమానికి రాష్ట్రం ఏలే దారి కూడా తెరిచిందన్నమాట. ఈ రెంటినీ విడదీసి చూస్తే పర్లాకిమిడి కథ అర్థం కాదు.

జయపురం విక్రమదేవ వర్మ గారిది ఇంకో తీరు. 1931లో గద్దె ఎక్కి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. తెలుగులో రాశారు. విశాఖలో ఆయన పేరు మీద కళాశాల ఉంది. ఆయన ఎస్టేటు కూడా 1936లో ఒరిస్సాకే వెళ్లింది, కొత్త కొరాపుట్ జిల్లా అయింది. రాజు ఏ భాషను ప్రేమించాడన్నది సరిహద్దును నిర్ణయించలేదు.

రెండు చట్టాల కింద ఒకే పొలం

1936 తర్వాత కూడా రాజు రెండువైపులా భూస్వామిగానే కొనసాగారు. అందుకే మా తాత రసీదు మారలేదు. నిజమైన మార్పు ఇంకో పన్నెండేళ్లకు గానీ రాలేదు.

1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు రక్షణ యాత్ర నడిచింది. టంగుటూరి ప్రకాశం కమిటీ జమీందారీల మీద 1938లో నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం రాగానే మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం చేసి, జమీ భూములను రైత్వారీ చేసింది. ఒరిస్సా తన చట్టాన్ని 1951లో చేసింది. ఒకే ఎస్టేటు, ఇద్దరు అన్నదమ్ముల్లాంటి ఊళ్లు, రెండు వేర్వేరు చట్టాలు, వేర్వేరు తేదీలు. ఒక పక్క రైతు ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టడం మొదలుపెట్టిన నాటికి వంతెన అవతల ఆయన బావమరిది ఇంకా ఎస్టేటుకే కడుతున్నాడు.

ఇదే సమయంలో గడజాత్ రాజులకు ఏం జరిగిందో పోల్చితే తేడా చివరిదాకా కనబడుతుంది. 1947 డిసెంబరులో సర్దార్ పటేల్ కటక్ వచ్చి వారిచేత విలీన పత్రాల మీద సంతకాలు చేయించారు, 1948 జనవరి 1 నుంచి పాలన ఒరిస్సాకు వచ్చింది. బనగానపల్లె కూడా 1948లోనే మద్రాసులో కలిసింది. సంతకం పెట్టినవాళ్లకు రాజభరణం దక్కింది, 1971లో రాజ్యాంగ 26వ సవరణ దాకా సాగింది. పర్లాకిమిడి మహారాజు ఏ విలీన పత్రం మీదా సంతకం పెట్టనక్కర లేకపోయింది. విలీనం చేయడానికి రాజ్యం లేదు కాబట్టి. ఆయనకు వచ్చింది జమీందారుకు ఇచ్చే నష్టపరిహారం. ఆయన రాజ్యాంగ సభలో సభ్యుడిగా ఉన్నారు, 1974 మే 25న మరణించారు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసిన జిల్లాకు ఆయన పేరు మీదే గజపతి అని పెట్టారు. రాజ్యంగా లెక్కకు రాని నేల, రాజు పేరుతో జిల్లా అయింది.

గీత వేసిన వాళ్లు వదిలేసిన చిక్కులు ఇంకా మిగిలే ఉన్నాయి. కొటియా గ్రామాల వివాదం, జయపురం, సాలూరు ఎస్టేట్ల మధ్య హద్దు సరిగ్గా తేలని చోట పుట్టింది. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఇప్పటికీ రెండు ప్రభుత్వాల మధ్య నలుగుతోంది. వంశధార నీళ్ల మీద ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది.

మా తాతకు రెండు చెక్కలు ఉండేవి, ఒకటి పాతపట్నం వైపు, ఒకటి పర్లాకిమిడి వైపు. రెండూ ఒకప్పుడు ఒకే ఎస్టేటు దస్త్రంలో ఉండేవి. గత ఏడాది వాటి కాగితాలు ఒకచోట పరిచి చూశాను. పాతపట్నం వైపు పాసుపుస్తకం తెలుగులో, ఎకరాలు, సెంట్లలో ఉంది. ఇటువైపు పట్టా ఒడియాలో, ఎకరాలు, డిసిమిళ్లలో ఉంది. సెంటన్నా ఎకరంలో నూరో వంతే, డిసిమిలన్నా నూరో వంతే.